లెక్కల తరగతిలో అందరికీ చోటు

‘మా వాడికి లెక్కలు అబ్బలేదండీ, అందుకే వేరే గ్రూపులో చేర్పించాం.’ ఈ మాట వినబడని ఊరు ఉండదు. ఆ మాట అనే తండ్రికి బిడ్డ మీద కోపమేమీ లేదు. వాడి రంగు చామనఛాయ, వాడి జుట్టు వంకీలు అని చెప్పినట్లే, వాడికి లెక్కలు రావని చెబుతున్నాడు. పుట్టుకతో వచ్చినదాన్ని మార్చలేము గదా అని ఆయన నమ్మకం.

అయితే పాఠకులారా, ఆ తీర్పు ఇచ్చింది ఎవరు? ఏ పరీక్ష చేసి ఇచ్చారు? పదవ తరగతిలో నూటికి ఎనభై, తొంభై తెచ్చుకున్న పిల్ల ఇంటర్‌లోనో, డిగ్రీలోనో, ఇంజనీరింగు మొదటి సంవత్సరంలోనో లెక్కల్లో తప్పితే, రెండు మూడేళ్ళలో ఆమె బుద్ధి తరిగిపోయిందా? లేక ఆమె కూర్చున్న తరగతిలో, ఆమె ఉన్న హాస్టలులో, ఆమెకు చెప్పే తీరులో ఏదో లోపించిందా? ఈ ప్రశ్నను ఊరికే వాదించుకోకుండా, ఓపికగా పరిశీలించి జవాబు తెలుసుకున్న అధ్యాపకులు కొందరున్నారు. వారు అమెరికా దేశస్థులు. వారి అనుభవం కాలేజీకి బిడ్డను పంపే ప్రతి ఇంటికీ పనికివస్తుంది గనుక దానిని గూర్చి వ్రాస్తున్నాను.

బర్క్‌లీలో వేసిన ప్రశ్న

కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్‌లీ అనే పట్టణంలో పేరుగాంచిన విశ్వవిద్యాలయం ఉంది. 1970వ దశకం మధ్యలో యూరి ట్రైస్‌మన్ అనే యువకుడు అక్కడ గణితంలో పరిశోధన విద్యార్థి. అక్కడ మొదటి సంవత్సరంలో చెప్పే కలన గణితం అందరికీ గండమే గాని, నల్లజాతి విద్యార్థులకు మరీ పెద్ద గండం. ఆ కోర్సు పూర్తిచేసిన నల్లజాతి విద్యార్థుల్లో నూటికి అరవై మందికి అట్టడుగు గ్రేడులే వస్తున్నాయని పాత రికార్డులు చూపాయి. అదే తరగతిలో చైనా సంతతి విద్యార్థులు చాలా బాగా రాణిస్తున్నారు.

కారణమేమిటని ట్రైస్‌మన్ అధ్యాపకులను అడిగితే నాలుగు జవాబులు వచ్చాయి. ఆ పిల్లలకు పట్టుదల లేదన్నారు కొందరు. పునాది సరిగా లేదన్నారు మరికొందరు. ఇంటివారికి చదువు విలువ తెలియదన్నారు ఇంకొందరు. అంతా పేదరికం వల్లనే అన్నారు మిగిలినవారు. మన ఊళ్ళలో దళితుల పిల్లలను గూర్చి, గిరిజనుల పిల్లలను గూర్చి, కూలివారి పిల్లలను గూర్చి మనం వినే జవాబులు ఇవే గదా!

ట్రైస్‌మన్ ఆ జవాబులతో ఊరుకోలేదు. నల్లజాతి విద్యార్థులు ఇరవై మందిని, చైనా సంతతి విద్యార్థులు ఇరవై మందిని ఎన్నుకొని, పద్దెనిమిది నెలలపాటు వారి వెంట తిరిగాడు. వారు ఎక్కడ చదువుతున్నారు, ఎప్పుడు చదువుతున్నారు, ఎవరితో కూర్చుంటున్నారు అని దగ్గరుండి చూశాడు. చూచిన తర్వాత నాలుగు జవాబులూ నిలువలేదు. ఆ నల్లజాతి పిల్లలు తమ హైస్కూళ్ళలో ముందు వరుసలో నిలిచినవారు. పట్టుదల లేనివారైతే అంతదూరం రానేరారు. వారి తల్లిదండ్రులు ఎన్నో త్యాగాలు చేసి పంపినవారు. ప్రవేశానికి ముందు వచ్చిన మార్కులు ఎక్కువైనంత మాత్రాన కాలేజీలో నిలదొక్కుకుంటారనే భరోసా కూడా కనబడలేదు.

మరి తేడా ఎక్కడుంది? ఇరవై మంది నల్లజాతి విద్యార్థుల్లో పద్దెనిమిది మంది తోటివారితో కలిసి చదవడమన్నదే లేదు. అధ్యాపకుడు చెప్పినట్లు వారానికి ఎనిమిది గంటలు గదిలో ఒంటరిగా కూర్చుని లెక్కలు చేసేవారు. తప్పు వస్తే అది తమ తప్పో, పుస్తకంలో తప్పో, లెక్క నిజంగానే కఠినమైనదో తెలిసే దారి లేదు. పరీక్ష కాగితం చేతికి వచ్చేవరకు తాము వెనుకబడ్డామన్న సంగతి కూడా తెలిసేది కాదు.

చైనా సంతతి విద్యార్థులు కూడా ముందు ఒంటరిగానే చేసేవారు. ఆ తర్వాత సాయంకాలం కలిసి కూర్చునేవారు. అంతా కలిపి వారానికి పద్నాలుగు గంటల వరకు ఆ ఒక్క పాఠం మీదనే గడిపేవారు. ఒకరి జవాబులు ఒకరు సరిచూసుకునేవారు. ఒకరి ఇంగ్లీషును ఒకరు దిద్దుకునేవారు. నలుగురికి ఒక జవాబు, ఒకరికి వేరొక జవాబు వస్తే ఆ ఒక్కరికి తన పొరపాటు వెంటనే తెలిసిపోయేది. నలుగురికీ నాలుగు జవాబులు వస్తే, ఇది నిజంగా గట్టి లెక్క అని తెలిసి ఎవరూ కుంగిపోయేవారు కాదు. పాత ప్రశ్న పత్రాలు తెచ్చుకొని సాధన చేసేవారు. అన్ననో, వరసకు అన్న అయ్యేవాడినో పిలిచి పరీక్ష పెట్టించుకునేవారు.

నల్లజాతి పిల్లలకు ఒంటరితనం స్వభావం కాదు. అంతవరకు ఇతరులను ఆశ్రయించకుండా సొంతంగా చదివారు గనుకనే వారు పైకి రాగలిగారు. ఏ గుణం వారిని కాలేజీ గడప దాకా తెచ్చిందో, ఆ గుణమే లోపలికి వెళ్ళాక వారికి అడ్డమైంది.

సులువు చేయలేదు, గట్టి చేశారు

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వెనుకబడిన పిల్లలకు సహాయం అనగానే మనకు తోచేది ఒక్కటే. పాఠం తగ్గించాలి, ప్రశ్నలు సులువు చేయాలి, మందమతుల తరగతి అని వేరే పెట్టాలి. బర్క్‌లీలో అట్టి సహాయ తరగతులు అప్పటికే ఉన్నాయి. తాము వెనుకబడినవారమని ముద్ర వేసుకోవడానికి ఆ పిల్లలకు ఇష్టం లేక వాటి దరిదాపులకు వెళ్ళేవారు కారు.

ట్రైస్‌మన్ 1970వ దశకం చివర ప్రారంభించిన పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అది వెనుకబడినవారి తరగతి అనలేదు, ముందుకు పోవాలనుకునేవారి తరగతి అన్నాడు. అన్ని జాతుల పిల్లలకూ అందులో చోటిచ్చాడు. మామూలు పాఠం మామూలుగానే జరిగేది. దానికి తోడు వారానికి కొన్ని గంటలు చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, పాఠ్యపుస్తకంలో ఉన్నవాటికంటె గట్టి లెక్కలు ఇచ్చేవారు. అధ్యాపకుడు బల్లల మధ్య తిరుగుతూ వినేవాడు. జవాబు చెప్పేవాడు కాదు. ఎవరికి ఎక్కడ దారి తప్పిందో చూచి ఒక ప్రశ్న వేసి ముందుకు కదిలేవాడు.

ఫలితం ఏమైంది? ఆ గుంపుల్లో పాల్గొన్న నల్లజాతి విద్యార్థులు తప్పడం చాలా మట్టుకు తగ్గిపోయింది. మంచి గ్రేడులు తెచ్చుకున్నవారు పెరిగారు. ఈ పద్ధతి తర్వాత అమెరికాలో అనేక కాలేజీలకు ప్రాకింది. ఈ కృషికి గాను ట్రైస్‌మన్‌కు 1992లో మెకార్థర్ ఫెలోషిప్ అనే గౌరవం లభించింది. పిల్లలు వారే, పాఠం అదే, పరీక్ష అదే. మారింది వారు కలిసి కూర్చునే ఏర్పాటు, వారి మీద పెట్టుకున్న ఆశ.

బయట నిలిచిన విద్యార్థిని

తరగతిలో చోటు లేకపోవడం అంటే ఏమిటో వివియన్ మలోన్-మేస్ జీవితం చెబుతుంది. ఆమె 1932లో టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణంలో జన్మించిన నల్లజాతి స్త్రీ. అమెరికా మిషనెరీ సంఘం 1866లో స్థాపించిన ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదువుకుంది. ఎవెలిన్ బాయిడ్ గ్రాన్‌విల్ అనే నల్లజాతి గణిత పండితురాలు 1950 నుండి రెండేళ్ళు అక్కడ పాఠం చెప్పింది. డాక్టరేటు పట్టా పొందిన నల్లజాతి స్త్రీని ఎదురుగా చూచినందువల్ల ఆ బెంచీల మీద కూర్చున్న అమ్మాయిలకు, ఇది మనకూ సాధ్యమే అన్న ధైర్యం కలిగింది. వారిలో వివియన్ ఒకరు.

పై చదువు కొరకు 1961లో ఆమె తన సొంత ఊరిలోని బేలర్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. అది బాప్టిస్టులు నడిపే సంస్థ. నల్లజాతి స్త్రీ అన్న కారణంతో ఆమెకు చోటు ఇవ్వలేదు. క్రైస్తవ సంస్థ కదా అని మనం ఈ సంగతి దాచనక్కరలేదు. దాచితే తర్వాత జరిగినదాని విలువ మనకు తెలియదు.

ఆమె ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. తరగతిలో నల్లజాతి మనిషి ఆమె ఒక్కతే, స్త్రీ ఆమె ఒక్కతే. తోటి విద్యార్థులు పలకరించేవారు కారు. ఆర్. ఎల్. మూర్ అనే ప్రఖ్యాత ఆచార్యుడు నల్లవారిని తన తరగతిలోకి రానిచ్చేవాడు కాదు. ఇంకొక ఆచార్యుడు పాఠం అయ్యాక విద్యార్థులతో ఒక కాఫీ హోటల్లో కూర్చుని లెక్కలు చర్చించేవాడు. ఆ హోటలు తెల్లవారికి మాత్రమే. మిగిలినవారు కాఫీ త్రాగుతూ నేర్చుకున్నదంతా ఆమె ఒంటరిగా గదిలో కూర్చుని కనిపెట్టుకోవలసి వచ్చింది. ట్రైస్‌మన్ తర్వాత బర్క్‌లీలో గుర్తించిన ఒంటరితనం ఇదే. ఇక్కడ మాత్రం దాన్ని బలవంతంగా ఆమె మీద పెట్టారు.

అయినా ఆమె 1966లో డాక్టరేటు సాధించింది. ఆమెకు ముందు అమెరికాలో గణితంలో ఆ పట్టా పొందిన నల్లజాతి స్త్రీలు చాలా కొద్దిమందే. ఐదేళ్ళ క్రితం గడప దాటనివ్వని బేలర్ విశ్వవిద్యాలయం అదే సంవత్సరం ఆమెను ఆచార్యురాలిగా తీసుకుంది. అక్కడ బోధించిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. 1971లో అక్కడి విద్యార్థి సంఘం ఆమెను ఉత్తమ అధ్యాపకురాలిగా ఎన్నుకుంది. వినబడే టేపులతో, ఎవరి వేగాన్ని బట్టి వారు నేర్చుకొనే ఏర్పాటును ఆమె తన విద్యార్థుల కొరకు చేసింది. ఒంటరితనం చవిచూచినది గనుక, ఎవరూ వెనుక మిగిలిపోకూడదని ఆమెకు తెలుసు.

ఒక చిన్న కాలేజీ చేసిన పని

క్లారెన్స్ స్టీఫెన్స్ అనే ఆయన 1917లో సౌత్ కరోలినా రాష్ట్రంలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసుకే తల్లిదండ్రులిద్దరూ లేనివాడయ్యాడు. ప్రెస్బిటేరియన్ సంఘం వారు నల్లజాతి పిల్లల కొరకు నడిపిన హాస్టలు పాఠశాల అతనికి చోటిచ్చింది. అదే సంఘం నడిపిన జాన్సన్ సి. స్మిత్ కాలేజీలో 1938లో డిగ్రీ పొంది, 1943లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు సాధించాడు. ఒక అనాథ పిల్లవానికి దొరికిన హాస్టలు మంచం ఎంత దూరం పోయిందో చూడండి.

ఆయన 1969 నుండి 1987 వరకు న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న పోట్స్‌డామ్ అనే చిన్న ఊరి కాలేజీలో గణిత శాఖకు అధిపతి. అది గొప్పవారి పిల్లలు ఏరికోరి చేరే కాలేజీ కాదు. అయినా 1985లో ఆ ఒక్క కాలేజీ నుండి గణితం ముఖ్య విషయంగా తీసుకొని 184 మంది పట్టభద్రులయ్యారు. ఎన్నో పెద్ద విశ్వవిద్యాలయాలకు కూడా అంత సంఖ్య లేదు.

ఆయన రహస్యం యంత్రాలు కాదు, భవనాలు కాదు. మంచి విద్యార్థులు రాలేదని అధ్యాపకులు వాపోవడాన్ని ఆయన ఒప్పుకునేవాడు కాదు. వచ్చిన విద్యార్థులకే చెప్పాలి. మొదట్లో నిదానంగా నడిపించాలి, పునాది పడ్డాక వేగం దానంతటదే వస్తుంది. పుస్తకం తనంతట తాను చదివి అర్థం చేసుకోవడం నేర్పాలి. పై తరగతివారు క్రింది తరగతివారికి తోడుండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, నీవు చేయగలవు అని అధ్యాపకుడు నమ్మాలి, ఆ నమ్మకం విద్యార్థికి కనబడాలి. ఆయన 2018లో నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు.

చూపు లేని ఆచార్యుడు

ఏబ్రహాం నెమెత్ 1918లో న్యూయార్క్‌లో పుట్టుగ్రుడ్డివాడుగా జన్మించాడు. గణితమంటే ప్రాణం. చూపు లేనివారికి గణితం పనికిరాదని పెద్దలు సలహా ఇచ్చి మనస్తత్వ శాస్త్రం వైపు మళ్ళించారు. అది చదివినా తగిన ఉద్యోగం దొరకలేదు. ఉద్యోగం లేకుండా ఉండక తప్పనప్పుడు ఇష్టమైన గణితం చదివి ఉండడమే మేలు కదా అని ఆయన భార్య ప్రోత్సహించింది. మళ్ళీ చదివి, 1955 నుండి ముప్పై ఏళ్ళపాటు డిట్రాయిట్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించాడు. అంతకు ముందే, చేతి వ్రేళ్ళతో చదివే బ్రెయిలీలో గణిత గుర్తులు వ్రాసేందుకు తగినంత మంచి పద్ధతి లేకపోవడం చూచి, తానే ఒక పద్ధతి తయారు చేశాడు. 1952లో వెలువడిన ఆ నెమెత్ లిపితో తర్వాతి తరాల అంధ విద్యార్థులు కలన గణితం దాకా వెళ్ళగలిగారు.

లోపం ఆయన బుద్ధిలో లేదు. గుర్తులు అందుబాటులో లేకపోవడమే లోపం. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం అందరితో కలిసి చదువుకొనే హక్కును గుర్తించి, ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యా సంస్థల్లో నూటికి ఐదు సీట్లకు తక్కువ కాకుండా కేటాయించింది. మీ ఇంట, మీ వీధిలో అట్టి బిడ్డ ఉంటే ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

కంచె లెక్క

అందరికీ చోటిచ్చే పాఠం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. నూరు మీటర్ల ముళ్ళతీగ ఉంది. నాలుగు వైపులా కంచె వేసి, దీర్ఘ చతురస్రంగా ఎక్కువలో ఎక్కువ నేల కలుపుకోవాలి. కొలతలు ఎంత ఉండాలి?

ఈ ప్రశ్నకు సూత్రం తెలియనివాడు కూడా నోరు విప్పగలడు. ఒకడు 10, 40 అంటాడు. వైశాల్యం 400 చదరపు మీటర్లు. ఇంకొకడు 20, 30 అంటాడు. 600 వచ్చింది. 24, 26 అంటే 624. 25, 25 అంటే 625. ఆపైన పెరగదు. ఇప్పుడు అధ్యాపకుడు ఒక ప్రక్కను ‘ఎక్స్’ అని, రెండవ ప్రక్క యాభైలో నుండి ‘ఎక్స్’ తీసివేయగా మిగిలినదని వ్రాసి, అవకలనం ఎందుకు పుట్టిందో చూపవచ్చు. పిల్లలకు జవాబు ముందే తెలుసు గనుక సూత్రం వారిని భయపెట్టదు.

తర్వాత గట్టి ప్రశ్న వేయాలి. ఒక ప్రక్కన కాలువ ఉంది, అటు కంచె అక్కరలేదు. ఇప్పుడెంత? చతురస్రమే అని చాలామంది తొందరపడతారు. మూడు ప్రక్కలకు సమానంగా పంచితే సుమారు 1111 చదరపు మీటర్లు వస్తుంది. కాలువ వెంబడి 50, మిగిలిన రెండు ప్రక్కలు ఇరవై ఐదేసి పెడితే 1250 వస్తుంది. గుంపులో ఎవరో ఒకరు దీనిని పట్టుకుంటారు. బహుశా అది పొలం గట్టున పెరిగిన పిల్ల కావచ్చు. ఆ రోజు నుండి ఆమె ఆ తరగతిలో పరాయిది కాదు.

మన ఇండ్లలో ఏం చేయగలం?

బర్క్‌లీ మనకు దూరమే గాని ఆ ఒంటరితనం మన హాస్టళ్ళలో కూడా ఉంది. పల్లెలో తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ‘ప్రమేయం’, ‘అవధి’, ‘సమాకలనం’ తెలుసు. కాలేజీలో ‘ఫంక్షన్’, ‘లిమిట్’, ‘ఇంటిగ్రల్’ అనగానే అవేవో క్రొత్త సంగతులనుకొని బెదిరిపోతుంది. తెలిసినదే తెలియనిదైపోతుంది. అడిగితే నవ్వుతారని మౌనంగా కూర్చుంటుంది. ఆ మౌనాన్ని అధ్యాపకుడు తెలివి తక్కువతనమనుకుంటాడు. రెండు భాషల మాటలూ బోర్డు మీద ప్రక్క ప్రక్కన వ్రాస్తే, ఖర్చు ఒక సుద్దముక్క.

తల్లిదండ్రులారా, లెక్కలు రాకపోయినా మీరు చేయగల పనులున్నాయి. మీ బిడ్డ సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ‘ఎన్ని మార్కులు?’ అని అడిగే ముందు ‘ఎవరితో కలిసి చదువుతున్నావమ్మా?’ అని అడగండి. ఎవరూ లేరంటే అది జ్వరం వంటి గుర్తు, అశ్రద్ధ చేయవద్దు. బిడ్డ ఎదుట ‘నీకు లెక్కలు రావు’ అనే మాట అనకండి, ఇతరులను అననివ్వకండి. ఆడపిల్లను గూర్చి మరీ జాగ్రత్త. సాయంకాలం నలుగురు అబ్బాయిలు అరుగు మీద కూర్చుని చర్చించుకుంటుంటే, ఆమె ఇంట్లో అంట్లు తోముతూ ఉంటుంది. వివియన్‌కు మూసి ఉంచిన కాఫీ హోటలు వంటిదే అది. ఆ రెండు గంటలు ఆమెకు ఇవ్వండి.

యవ్వనస్థులారా, ముందు ఒంటరిగా చేయండి, తర్వాత నలుగురు కూర్చుని సరిచూసుకోండి. కలిసి చదవడమంటే ఒకడు చేస్తే ముగ్గురు ఎక్కించుకోవడం కాదు. ఎందుకని అడగడం, అడిగినవాడికి తనకు అర్థమయ్యేటట్లు చెప్పడం. చెప్పినవానికే ఎక్కువ లాభం. కాలేజీలో చేరి రెండేళ్ళయినవారు క్రొత్తగా చేరినవారి పాత ప్రశ్న పత్రాల దగ్గర ఒక గంట కూర్చుంటే, ఆ గంట ఒక జీవితాన్ని నిలబెట్టవచ్చు.

సంఘ పెద్దలారా, వారమంతా తాళం వేసి ఉండే గది మన ఊళ్ళలో చాలాచోట్ల ఉంది. దీపం, నల్లబల్ల, చాప ఉంటే చాలు. ఏ కులమని, ఏ మతమని అడగకుండా ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఆ గది తెరవవచ్చు. పాఠం చెప్పగలవారు దొరకకపోయినా ఫరవాలేదు. కలిసి కూర్చునే చోటు ఉండడమే సగం పాఠమని బర్క్‌లీ పిల్లలు చూపించారు.

ఈసారి ఎవరైనా ‘మా వాడికి లెక్కలు అబ్బలేదండీ’ అంటే, తల ఊపి ఊరుకోకండి. ‘వాడు ఎవరితో కూర్చుని చదివాడు?’ అని మెల్లగా అడగండి.